నూనె రాసుకోకుండా రమ్మన్న డాక్టరమ్మ

మద్రాసులో మా ఇంటి పై వాటాలో ఉండే చర్మం డాక్టరమ్మ పోయింది. చిత్తూరులో తమ్ముడి ఇంటికని వెళ్ళిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కి మళ్ళీ లేవలేదట. ఆ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పులుసుకు చింతపండు పిసుకుతున్నాను. "ఏమన్నా అయితే ముందు కింద వాటా అక్కకే చెప్పాలని మా అక్క అంటా ఉండె. అందుకే మీకే ముందు చేస్తిని" అన్నాడాయన.

నేను వెంటనే ఏడవలేదు. ఆయాసం వచ్చిందా, డాక్టరు వచ్చి చూశాడా, దహనం ఎప్పుడు, ఎవరెవరికి చెప్పారు అని అడిగాను. ఏ సంగతైనా వివరాలు సరిగ్గా తెలిస్తే తప్ప నాకు లోపలికి దిగదు. ఉద్యోగమంతా లెక్కల ఆఫీసులో చేసినదాన్ని. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చింతపండు గుజ్జు వేళ్ళ మీదే ఎండిపోయి ఉంది.

ఆమె గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎవరైనా పొగడడం మొదలుపెడితే ఆమె లేచి వెళ్ళి స్టవ్ మీద నీళ్ళు పెట్టుకునేది. ఆమెకు గొప్పలు లేవు గానీ ఒక ప్రశ్న ఉండేది. సోరియాసిస్ అనే ఒకే ఒక జబ్బు ఒక్కో జాతి మనిషి ఒంటి మీద ఒక్కో తీరుగా ఎందుకుంటుంది? ఉద్యోగమంతా, రిటైరయ్యాక కూడా ఆ ప్రశ్న వెంటే తిరిగింది. చివరికి ఆ ప్రశ్న మెట్లు దిగి మా ఇంట్లోకి కూడా వచ్చింది. దాని గురించి పాఠకులకు చెప్పాలని రాస్తున్నాను.

ఇల్లు అద్దెకివ్వడానికి నాకు కొన్ని షరతులున్నాయి. మెట్ల మీద చెప్పులు విడవకూడదు, మోటారు వేసిన వాళ్ళే ఆపాలి, బట్టలు ఆరేసే తీగ సగం నాది. ఆమె వాటా చూడడానికి వచ్చిన రోజు ఇవన్నీ వరసగా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింటున్నట్టే ఉంది గానీ చూపు నా మొహం మీద లేదు. చివర్లో, "అక్కా, మీ మోచేతులు శానా బాగుండాయి" అంది.

అద్దెకు వచ్చే మనిషి మాట్లాడే మాటా అది! నేను చప్పున పైట చేతుల మీదికి లాక్కున్నాను.

"అట్ట కాదక్కా. చర్మం డాక్టర్ని. మా కళ్ళు ముందు ఆడికే పోతాయి" అని నవ్వింది.

ఆ తర్వాత అలవాటైపోయింది. బస్సులో అయినా పెళ్ళిలో అయినా ఆమె చూపు మనుషుల మోచేతుల మీద, మోకాళ్ళ మీద, చెవుల వెనక, గోళ్ళ మీద. గోళ్ళలో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటే ఇక ఆగేది కాదు. ఒకసారి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కుపోయి చూసింది. అతను బెదిరిపోయి, "ఎన్నమ్మా, జోస్యం చెప్తారా?" అన్నాడు. "జోస్యం కాదు నాయనా, నీకు కీళ్ళు నొప్పి ఉండాదా?" అంది. ఉందన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరికి చూపించుకోవాలో చెప్పి పంపింది. తర్వాత నాతో, "చర్మం చూసి వాళ్ళు ఒక డాక్టరు దగ్గరికి పోతారు, కీళ్ళు చూసి ఇంకో డాక్టరు దగ్గరికి. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు" అని చాలాసేపు గొణుక్కుంది.

జబ్బేమిటో తెలియని వాళ్ళ కోసం ఆమె చెప్పినట్టే చెబుతాను. మన చర్మం నిదానంగా పుట్టి నిదానంగా రాలుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఈ జబ్బులో ఒంటిని రోగాల నుంచి కాపాడవలసిన లోపలి బలగమే చర్మాన్ని తొందరపెడుతుంది. "ఒక వాయి ఇడ్లీ దించకముందే దాని మీదే ఇంకో వాయి పిండి పోసినట్టక్కా" అనేది. అలా పొరల మీద పొరలు పేరుకుని దళసరి మచ్చలవుతాయి, పైన పొలుసు లేస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఈ చివరి మాట మాత్రం ఆమె ఎప్పుడు చెప్పినా రెండోసారి కూడా చెప్పేది.

చిన్న వయసులో ఆమె ఇంగ్లండులో ఒక చలి ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేసింది. అక్కడ ఈ జబ్బు మనిషి గుమ్మంలోకి రాగానే తెలిసిపోయేదట. తెల్లటి ఒంటి మీద ఎర్రగా, పైన వెండి రేకులా పొలుసు. చలికాలం వస్తే ఎక్కువ. కూర్చున్న కుర్చీ మీద పొలుసు రాలుతుందని వాళ్ళు లేచేటప్పుడు చేత్తో దులిపి మరీ లేచేవాళ్ళట. మద్రాసు వచ్చి ప్రభుత్వాసుపత్రిలో చేరాక, కొన్నాళ్ళ పాటు అలాంటి మనిషి ఒక్కడూ కనపడలేదు. "ఈ దేశంలో ఈ జబ్బే లేదనుకుంటిని. పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లోళ్ళవే. నా కళ్ళు ఎరుపు కోసం వెతకతా ఉండె. ఈడ ఎరుపెక్కడిది?" అనేది.

జబ్బు ఇక్కడా ఉంది. రంగు మార్చుకుని ఉంది. సౌకార్‌పేట నుంచి వచ్చే పచ్చటి మేనిఛాయ ఉన్న మార్వాడీ ఇల్లాలి మీద గులాబీ రంగులో కనపడేది. మనలాంటి చామనఛాయ వాళ్ళ మీద నేరేడు రంగు. ఇంకా నల్లటి వాళ్ళ మీద ఊదా, ఒక్కోసారి ఉత్త బూడిద పూసినట్టు. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడి హోటళ్ళలో పనిచేసే పిల్లల మీద అదే మచ్చ చిన్నగా, అంచులు గీసినట్టు స్పష్టంగా. తూర్పు దేశాల డాక్టర్లు కూడా తమ వైపు మచ్చలు చిన్నవేనని చెబుతారట. వంశం నుంచి దిగే లక్షణం కూడా అన్ని జాతుల్లో ఒకే పాళ్ళలో ఉండదట.

అయితే అంతా పుట్టుకేనా అని అడిగాను.

"అది తెలిస్తే నాకు నిద్ర పట్టేది కాదా?" అంది. "అంబత్తూరులో లేత్ మిషను పట్టేవాడికి అరచేతుల్లో వస్తుంది. సబ్బు నీళ్ళలో నానే ఆడమనిషికీ అరచేతుల్లోనే. మూటలు మోసేవాడికి భుజం మీద. చీర కట్టే వాళ్ళకి నడుం చుట్టూ, లంగా నాడా ఒరుసుకునే చోట గీత గీసినట్టు. ఒరుసుకున్న చోటల్లా మొలిచే గుణం దానిది. ఆడ ఇంగ్లండులో నాడా గీత నేను చూడనే లేదు. చూడకపోతే, ఆ జాతికి రాదని రాసుకోవాల్నా, వాళ్ళు లంగా కట్టరని రాసుకోవాల్నా? నువ్వు చెప్పు."

ఆ రాత్రి అన్నం తింటూ కూడా అదే ఆలోచించాను. లెక్కల మనిషికి ఇలాంటి చిక్కు దొరికితే ఊరుకోలేదు.

ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చేసే ఇంకో సంగతి నూనె. మన వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే గుడికి వెళ్ళినట్టు తయారవుతారు. తలంటు పోసుకుంటారు, సున్నిపిండితో రుద్దుకుంటారు, ఒంటికి కొబ్బరినూనె రాసి, ఉతికిన బట్ట కట్టి వెళతారు. పెద్ద డాక్టరు ముట్టుకుంటుంది, మురికిగా ఉంటే ఏం బాగుంటుందని. దాంతో పొలుసంతా ఇంట్లో స్నానాల గదిలోనే పోతుంది. మిగిలింది నూనెతో అణిగిపోతుంది. "నాకు జబ్బు కనపడదు, నిగనిగలాడే మనిషి కనపడతాడు" అనేది. రేపు నూనె రాసుకోకుండా, స్నానం చెయ్యకుండా రండని బతిమాలితే ఆడవాళ్ళు చిన్నబుచ్చుకునే వాళ్ళట. "సరేనమ్మా" అని వెళ్ళి, మర్నాడు ఇంకాస్త శుభ్రంగా రుద్దుకుని వచ్చేవాళ్ళట.

ఒక సాయంత్రం డాబా మీద కాఫీ తాగుతూ ఇంకో సంగతి చెప్పింది. ఈ జబ్బు ఎంత ముదిరిందో తేల్చడానికి డాక్టర్లు మార్కులు వేస్తారట. ఎంత మేర పాకిందో చూస్తారు, మచ్చలు ఎంత ఎర్రగా ఉన్నాయి, ఎంత మందంగా ఉన్నాయి, ఎంత పొలుసు ఉంది అని చూస్తారు. అన్నీ లెక్క కట్టి, తక్కువొస్తే పై పూత మందు, ఎక్కువొస్తే గట్టి మందు.

"ఎరుపు కనపడని ఒంటికి ఏం వేస్తారు?" అన్నాను.

"తక్కువ వేస్తారు."

"నూనె పూసుకుని వచ్చినవాళ్ళకు పొలుసుకూ తక్కువే పడుతుంది గదా."

"పడుతుంది."

"అయితే మీ లెక్క పైనుంచే తప్పు. రెండు వరసల్లో అంకెలు తక్కువ పడుతుంటే కింద కూడిక ఎంత జాగ్రత్తగా వేసి ఏం లాభం?"

ఆమె కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసింది. "ఇంత తేలిగ్గా చెప్పేస్తివే! మా మీటింగుల్లో ఈ మాటే చెప్పబోతే, నాకు మాటలు చాలేవి కావు" అని పడీపడీ నవ్వింది. మళ్ళీ తనే, "ఇంకోటి ఉండాది, చూడు. ఆడ ఇంగ్లండులో మగాళ్ళూ ఆడోళ్ళూ ఇంచుమించు సమంగా వస్తా ఉండిరి. ఈడ ఆస్పత్రిలో మగోళ్ళే ఎక్కువ. మన ఆడోళ్ళకి జబ్బు తక్కువనే కదా రాసుకుంటారు?" అంది.

"జబ్బు రాదా, జబ్బు వచ్చిన మనిషి రాదా?" అన్నాను.

ఆమె నవ్వడం ఆపింది. "అదే. చూపిస్తే పెళ్ళి కాదు. చూపించకపోతే లెక్కలోకి రాదు."

ఆ లెక్కలోకి రాని మనిషి మా ఇంట్లోనే తిరుగుతున్నట్టు అప్పటికి మాకిద్దరికీ తెలియదు.

నా కూతురు, అల్లుడు అంబత్తూరులో ఉంటారు. వాళ్ళమ్మాయికి, అంటే నా మనవరాలికి, టి. నగర్‌లో పని, అక్కణ్ణుంచి రోజూ రావడం దూరమని నా దగ్గర ఉంటోంది. పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేసే పార్లర్‌లో చేరింది. నాకు మొదట్లో ఆ పని మీద పెద్ద గౌరవం లేదు గానీ, పిల్ల చెయ్యి నిలకడైనదని వచ్చిన వాళ్ళందరూ అనేవాళ్ళు. సీజన్లో పెళ్ళికూతురి మొహం తన చేతికి వదిలే రోజు కోసం ఎదురుచూస్తోంది. అప్పటిదాకా పక్కన నిలబడి బ్రష్షులు అందివ్వడమే.

ఒక శుక్రవారం పిల్ల తలకు నూనె పెడుతుంటే నా వేళ్ళకు గరుకు తగిలింది. మాడు మీద, చెవుల వెనక, మెడ దగ్గర. పాయ తీసి చూస్తే అరచేతిలో పట్టేంత మేర మందంగా అట్ట కట్టి ఉంది.

"ఏమిటే ఇది?"

"చుండ్రు అవ్వా. సుమ్మా, ఊరికే ఉండు."

"చుండ్రు మెడ మీదికి దిగుతుందా? చేతులు చూపించు."

ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకుంటోందో అప్పుడు అర్థమైంది. మోచేతుల మీద, చేతి వేళ్ళ కణుపుల మీద నల్లగా, దళసరిగా మచ్చలు. పార్లర్ దగ్గరి క్లినిక్కులో చూపించుకుందట. ఆ డాక్టరు దూరం నుంచే చూసి, తల మీదిది చుండ్రు, చేతుల మీదిది తామర, కొంచెమే ఉందన్నాడట. ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గడం, మానేస్తే మళ్ళీ రావడం. వెళ్ళే ముందు తలంటు పోసుకుని, నూనె పెట్టి, జడ వేసుకుని వెళ్ళిందట. మా ఇంటి పిల్ల గదా.

"ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు పని మానమంటావు. మానితే ఇంకెవరు తీసుకుంటారు? ఇప్పటికే మా మేడమ్ చూసేసింది. ఎవరో పెళ్ళికూతురి అమ్మ, ఆ పిల్ల చేతికి ఏమిటి అని అడిగిందంట. ఈ సీజన్‌కి నువ్వు మొహాలు ముట్టొద్దు, జడకి పూలు కట్టు అనింది." పిల్ల చొక్కా చేతులు మళ్ళీ కిందికి లాక్కుంది. "పూలు కట్టేదానికి రెండేళ్ళు నేర్చుకోవాల్నా అవ్వా?"

చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడు పైకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ తలుపు తీసి, నూనె కారుతున్న ఆ జుట్టు చూసి నెత్తి కొట్టుకుంది. "అక్కా, నువ్వు కూడానా! ఇంతకాలం నేను ఎవరికి చెప్తా ఉండానో? పో, ఈరోజు నేను చూడను. ఆ నూనె బట్టతో అద్ది తీసేయండి, తలంటు మానేయండి. సబ్బు వద్దు, నూనె వద్దు. ఆదివారం పొద్దున అట్టే పైకి పంపు."

స్నానం చెయ్యని మనిషి మా వంటింటి గడప దాటదు. అది మా అమ్మ నాటి నియమం, నాదీ. ఆ రెండు రోజులూ పిల్లకు వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టాను. అది కంచం ఒళ్ళో పెట్టుకుని, "అవ్వా, జబ్బు అంటదని డాక్టరవ్వ చెప్పింది. నీ మడి మాత్రం రొంబ అంటుతుందే" అని వెక్కిరించింది. నేను నవ్వలేదు. తర్వాత లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను.

ఆదివారం పొద్దున ఆమె పిల్లను డాబా మీద ఎండలో స్టూలేసి కూర్చోబెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. ముందు కళ్ళు మూసుకుని వేలి కొసలతో తడిమింది, మోచెయ్యి, మెడ, మాడు. తర్వాత మోచేతి మీద గోటితో మెల్లగా గీరింది. నూనె లేని ఆ మచ్చ మీద మైనం గీరినట్టు తెల్లటి పొలుసు లేచింది. "ఇదిగో, చూడక్కా. దాక్కునింది బయటికొచ్చింది" అంది. ఆ గొంతులో దిగులు లేదు, వెతుకుతున్నది దొరికిన మనిషి గొంతు అది. నాకు కోపం రావలసింది గానీ రాలేదు. ఆ గొంతు వినగానే పిల్ల భుజాలు కిందికి దిగాయి. అన్నాళ్ళూ చూసినవాళ్ళంతా మొహం చిట్లించి చూశారు. మొదటిసారి ఒక మనిషి ఇష్టంగా చూసింది.

"ఎరుపు వెతకొద్దు" అని నాకు చూపించింది. "మచ్చ పక్కనుండే మంచి చర్మం చూడు, ఆ తర్వాత మచ్చను చూడు. ఎంత నల్లబడిందో అదే ఈ పిల్ల ఎరుపు." కొంచెమే ఉందని క్లినిక్కులో అన్న జబ్బు కొంచెం కాదని తేల్చింది. తన దగ్గర చదువుకున్న ఒక డాక్టరు ఉన్న ఆసుపత్రికి తానే వెంట తీసుకెళ్ళింది. ప్రత్యేకమైన దీపాల కింద వెలుగు చికిత్స, పూతమందు, రక్తపరీక్షలు, అన్నీ ఒక పద్ధతిలో జరిగాయి. పూర్తిగా పోయే జబ్బు కాదని, అదుపులో ఉంచుకోవచ్చని ముందే చెప్పింది. అబద్ధపు ధైర్యం ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

కొన్ని నెలలకు గరుకు పోయింది, పొలుసు పోయింది. కానీ మచ్చలున్న చోటల్లా నల్లటి నీడ మిగిలింది. పార్లర్ ఆవిడ అది చూసి, "ఇంకా పోలేదుగా" అందట. పిల్ల మళ్ళీ పూల బుట్ట దగ్గరే.

"ఆడ ఇంగ్లండులో అయితే తెల్ల చర్మం జబ్బు పోతే చాలావరకు మామూలైపోతుంది. మన చర్మానికి జ్ఞాపకశక్తి ఎక్కువక్కా. జబ్బు మర్చిపోయినా అది మర్చిపోదు. నిదానంగా పోతుందిలే" అంది డాక్టరమ్మ.

"నిదానంగా అంటే ఈ సీజన్ కూడా అయిపోతుంది, డాక్టరవ్వా" అంది పిల్ల. గట్టిగా కూడా అనలేదు. అప్పటికి దాని దగ్గర అంత గొంతు లేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దిగొచ్చి, "అక్కా, చీర మార్చుకో, టి. నగర్ పోదాం" అంది. ఎందుకని అడిగితే, "మొహం చేయించుకునేదానికి" అంది. నేనెరిగినంత కాలం ఆమె మొహానికి పౌడరు కూడా రాసుకోలేదు.

పార్లర్‌లో అద్దాల ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. రిసెప్షన్ మేకప్ మాట్లాడుకోవడానికి వచ్చిన తల్లీకూతుళ్ళు ఒక పక్కన. యజమానురాలు పాతకాలపు సినిమా హెయిర్ డ్రెస్సర్ కూతురట, చెయ్యి తిరిగిన మనిషి, మాట పదును. డాక్టరమ్మ తిన్నగా నడిచి మధ్య కుర్చీలో కూర్చుంది.

"రిసెప్షన్‌కి చేసేది ఉండాదే, అదే చెయ్యండి. పూర్తిగా. ఆ పిల్ల చెయ్యాల" అని పూలు కడుతున్న మా మనవరాలిని చూపించింది.

"ఆ పొణ్ణు వద్దమ్మా. వేరే మంచి పిల్లను ఇస్తాను."

"మంచి పిల్లనే అడిగితిని."

యజమానురాలు దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "దాని చేతికి ఏదో ఉందమ్మా. మీ మంచికే చెప్తున్నా" అంది.

"ఏదో కాదు, సోరియాసిస్. నేను చర్మం డాక్టర్ని" అని ఆమె గొంతు ఏమీ తగ్గించకుండా చెప్పింది. పక్క కుర్చీల్లో కత్తెరలు ఆగాయి. "అంటేది కాదు. అంటేదయితే ముందు నాకంటాల. ఉద్యోగమంతా ఆ మచ్చల మీద ఉత్త చేతులు పెడతానే ఉంటిని. ఇదిగో నా చేతులు, చూసుకో." రెండు చేతులూ ముందుకు చాపింది. ముడతలు పడి, నరాలు తేలి, శుభ్రంగా ఉన్న చేతులు. యజమానురాలు వాటిని చూసింది గానీ ఇంకా కదల్లేదు.

"నీకు రంగు కదా కనపడేది? కళ్ళు మూసుకో. ఆ పిల్ల మోచెయ్యి తాకు."

ఆవిడకు ఇష్టం లేదు. కానీ షాపునిండా మనుషులు చూస్తున్నారు. కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో పిల్ల మోచెయ్యి తాకింది. ఒకసారి తాకి తీసేసిన వేళ్ళు మళ్ళీ వెళ్ళాయి. రెండో మోచెయ్యి కూడా తాకింది. రోజంతా మొహాలు తడిమే చెయ్యి అది, నున్నగా ఉన్నదేదో దానికి తెలుస్తుంది.

"మెత్తగానే ఉందే" అంది కళ్ళు తెరవకుండానే.

"మిగిలింది ఉత్త రంగు. రంగు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అని డాక్టరమ్మ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

మా అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది. మొదటి బ్రష్షు గీత పక్కకు పోయింది. "ఏమే, నా మొహం మీద ఉండే గీతలు చాలవా, ఇంకా గీస్తావా?" అంది డాక్టరమ్మ కళ్ళు మూసుకునే. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత చెయ్యి కుదురుకుంది. నేను ఒక మూల కూర్చుని చూస్తున్నాను. ముడతలున్న మొహం మీద రంగు పరచడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. పిల్ల ఆ మొహాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఒక్కో గీత దగ్గరా ఆగి, అద్దుతూ, వెనక్కి జరిగి చూస్తూ, మళ్ళీ అద్దుతూ పోయింది. మధ్యలో రిసెప్షన్ వాళ్ళ తల్లి లేచి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. తన మరిదికి అరికాళ్ళు పగిలి పొలుసు లేస్తోందని, ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో అతని కంచం వేరుగా పెడుతున్నామని మెల్లగా చెప్పింది. "కంచం కలిపేయమ్మా" అంది డాక్టరమ్మ పెదవులు కదపకుండా, లిప్‌స్టిక్ చెరిగిపోకుండా. "ఆయన్ని నూనె రాసుకోకుండా డాక్టరు దగ్గరికి పొమ్మను."

అంతా అయ్యాక యజమానురాలు వచ్చి డాక్టరమ్మ మొహాన్ని దీపం వైపు తిప్పి చూసింది. మంచీ అనలేదు, చెడూ అనలేదు. కనుబొమ్మ దగ్గర ఒక చోట తన చిటికెన వేలితో సర్దింది. పిల్ల వైపు తిరిగి, "పూలు ఇంకెవరన్నా కడతారు. ఈ అమ్మ వాళ్ళ పొణ్ణును కూర్చోబెట్టి ఏ షేడు సరిపోతుందో చూడు" అంది. ఆ తల్లి ఒక్క క్షణం తన కూతురి వైపు, మా అమ్మాయి చేతుల వైపు చూసింది. పెళ్ళికూతురే ముందు లేచి వచ్చి, డాక్టరమ్మ ఖాళీ చేసిన, ఇంకా వెచ్చగా ఉన్న ఆ కుర్చీలో కూర్చుంది.

మేం బయటికి వచ్చాం. అద్దాల తలుపులోంచి చూస్తే ఆ పెళ్ళికూతురి గడ్డం మా అమ్మాయి అరచేతిలో ఉంది.

మొహం కడుక్కుని వెళదామా అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "పిల్ల అంతసేపు చేసింది, కడుక్కునేదా?" అంది. ఆటో మాట్లాడుకుని ఎక్కాం. ఉస్మాన్ రోడ్డు మీద చీరల షాపుల ముందు జనం, ఎండ, హారన్లు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బస్సులోంచి ఆడవాళ్ళు వంగి వంగి చూశారు. ఆటో అతను అద్దంలో రెండుసార్లు చూసి, ఇక ఉండబట్టలేక, "ఎవరింటి పెళ్ళికమ్మా?" అన్నాడు.

"తెలీదు నాయనా. ఇంకా ఎవరూ పిలవలా" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, నవ్వితే బుగ్గల దగ్గర చెదురుతుందని. గాలికి పైట చెంపకు తగలకుండా ఒక చేత్తో దూరంగా పట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, మెడ నిటారుగా నిలిపి కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా ఊగేది గానీ తల ఊగేది కాదు. నీళ్ళు తొణక్కుండా నిండు బిందెను మోసుకుపోతున్నట్టు, ఆ పిల్ల దిద్దిన మొహాన్ని ఆమె ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకొచ్చింది.